ఒత్తులకి చోటు

రికార్డర్ బల్ల మీద పెట్టగానే
అందరూ కాస్త నిటారుగా కూర్చుంటారు,
గొంతులో ఇస్త్రీ మడతలు వస్తాయి.
మునిరత్నం గారు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి
"మూలలు ఇంకొంచెం అరగదీసుండాల్సింది" అన్నారు.

చెన్నై, ఆండర్సన్ వీధి, మేడ మీద గది.
కింద శుభలేఖల అంగళ్లలో
బంగారు రేకు కాలిన వాసన.
ముప్ఫై ఏడేళ్లుగా ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకి
అక్షరాలు సర్దుతున్న మనిషి.
నా కాగితం మీద పదకొండు ప్రశ్నలు.

"ఎక్కడ నేర్చుకున్నారు?"
"నేర్చుకోలేదు. చిత్తూరులో పదోక్లాసు తప్పి వచ్చి
బోర్డులు రాసేవాడి దగ్గర డబ్బాలు కడిగాను.
తెల్లరంగు డబ్బాతోనే కష్టం,
ఎప్పుడు శుభ్రమైందో తెలిసి చావదు."

"మరి పనిలో పెద్ద మలుపు?"
"మ ఒత్తు."
నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

రాజ్యలక్ష్మి అని పెళ్లికూతురు.
బ్రోమైడు కోస్తుంటే బ్లేడు వెంట్రుకవాసి పైకి జరిగింది.
మూడు వందల కార్డుల్లోనూ ఆ పిల్ల రాజ్యలక్షి.
"తిట్టడానికి వాళ్ల నాన్న వస్తాడని
మెట్ల వైపే చూస్తూ కూర్చున్నానమ్మా.
ఆ పిల్లే వచ్చింది. కేకలెయ్యలేదు.
నల్ల సిరా పెన్ను ఉందా అంది.
ఇదిగో ఇక్కడే, ఈ కిటికీ కింద
మూడు వందల సార్లు తన పేరు కింద తనే
ఒత్తు పెట్టుకుంది.
నేను ఆరబెట్టాను."

కాసేపు ఆగారు.
కింద ప్రెస్సు రెండు కార్డులు నొక్కింది.

"రెండో వరసలో వాళ్ల తాత పేరుకి గుడి తగులుతుంటే
పెన్ను పక్కకి తప్పించి రాసింది.
ఆమె వెళ్లాక స్కేలు పెట్టి కొలిచాను.
ఆ కొలతే ఇప్పటికీ."

తిరువాన్మియూరులో వరూధిని ఇలా కథ చెప్పలేదు.
ఫోన్లకి అక్షరాలు గీస్తుంది,
మాట్లాడుతున్నంతసేపూ చూపుడువేలితో
బల్ల మీద ఏదో వంపు దిద్దుతూనే ఉంది.
"ఎత్తు వాళ్లే ముందు కొలిచి పంపుతారు,
ఎవరికో కుట్టిన చొక్కా.
అందులో జ్యోత్స్నని కూర్చోబెట్టు చూద్దాం!
కాళ్లు ముడుచుకోమంటాను. ఇంకా ముడుచుకోమంటాను.
మొన్న కల్లో ఒత్తులన్నీ వచ్చి
నా మంచం కింద పడుకున్నాయి."
జీతం సంగతి ఎత్తితే, కాఫీ తాగుతావా అంది.

ఇక నస్రీన్.
ఇంగువ డబ్బా మీద ఏనుగుని గీసింది.
పెద్దది చెయ్యమన్నారు, చేసింది.
ఇంకా పెద్దది. ఇంకా.
చివరికి డబ్బా మీద తొండం ఒక్కటే పట్టింది.
బ్రహ్మాండం అని ఖాయం చేశారు.
ఇప్పుడు మైలాపూరు కొట్లలో
పాము మార్కు ఇంగువ అని అడిగి కొంటున్నారట.
"నా కెరీర్ అంటే అదే, రాసుకో"
అని పడీ పడీ నవ్వింది.
నవ్వు ఆగిన చాలాసేపటికి కళ్లు తుడుచుకుంది.

రాత్రుళ్లు ఇవన్నీ టైపు చేస్తాను.
"అదీ", "అంటే", "ఏమంటారు దాన్ని"
అన్నీ ఏరి పారేస్తాను.
ఎవరూ మాట్లాడని చోట్లు కోసేస్తాను,
నిమిషాల లెక్కన డబ్బులు గనక.
నిన్న మునిరత్నం గారి దగ్గరికొచ్చి
ఆ రెండు కార్డుల చప్పుడు కొయ్యబోయి
వెంట్రుకవాసి కిందికి జరిపి
వదిలేశాను.

నేనూ ఒకప్పుడు గీసేదాన్ని.
పదకొండు ప్రశ్నల్లో అది లేదు.

ఆ రోజు ఆఖరి ప్రశ్న: కొత్తవాళ్లకి ఏం చెబుతారు?
ఆయన వినిపించుకోలేదు. "నీ పేరేమన్నావు?"
విద్యుల్లత.
చెత్తబుట్టలోంచి ఒక కార్డు తీసి, వెనక్కి తిప్పి,
పెన్సిలు చెక్కి,
ముందు కింద ఒత్తులు రెండూ వేశారు.
వాటి మధ్య దూరం చూసుకున్నారు.
తర్వాత తీరిగ్గా, పైన అక్షరాలు.

ఇంటికొచ్చి తిప్పి చూస్తే
ఎవరిదో ముహూర్తం,
తేదీ కొట్టేసి ఉంది.