ముప్ఫైయారు చుట్లు

పలమనేరు దాటి గంగవరం తట్టు పోతే
రోడ్డుకు ఎడంపక్క తెల్లగా ఉబ్బిన కప్పొకటి కనపడతాది,
పొయ్యి మీద పాలు పెట్టి ఎవురో మరిచిపోయినట్టు.
అది నాది.
అంటే, సగం నాది. సగం బ్యాంకుది.

లోపల మూడువేల కాప్సికం మొక్కలు
పైనుంచి వేలాడే దారం పట్టుకోని
ఒక్కో కణుపే ఎక్కతా ఉంటాయి.
బయట మాఘమాసం చలి కొరికినా
లోపల బాలింత గది వెచ్చదనం.
తలుపు తీస్తానే కళ్ళద్దాలకు ఆవిరి పడతాది.
తుడుచుకోకుండా కాసేపు అట్లే నిలబడతాను,
పచ్చటి పొగలో
ఇంకా ఎవురూ పేరు పెట్టని జంతువు మాదిరి.

ఈ మాట నాది కాదులే. నా కూతురు హేమాక్షిది.
తిరుపతి యూనివర్సిటీలో రాళ్ళ చదువు చదవతా ఉండాది.
రాళ్ళకు చదువేందని వాళ్ళ అవ్వ ఇంకా నవ్వతాది.

పోయినేడు కొండెక్కతా ఉంటే
బస్సు కిటికీ దగ్గరికి నా చెయ్యి పట్టి లాగింది.
"అదో నాయనా, ఆ గీత!"
కింద గ్రానైటు. పైన అరలు అరలుగా ఎర్రరాయి.
రెండిటి నడుమ మేస్త్రీ దారం కొట్టినట్టు ఒక గీత.
"ఆ గీతలో ఎనభై కోట్ల ఏండ్లు లేవు.
ఉండినాయి. కొట్టుకపోయినాయి."
వెనక సీటోళ్ళు గోవిందా అన్నారు,
బస్సు మలుపు తిరిగింది, గీత పోయింది.
నాకెందుకో మా తాత పాసుబుక్కులో
చినిగిపోయిన పేజీ గుర్తుకొచ్చింది.

పైరాయి ఒకప్పుడు సముద్రం అడుగంట.
అల వెనక్కి పోతా ఇసక మీద గీసిన గీట్లు
రాయిలో అట్లే ఉండాయంట.
అప్పుడు సూర్యుడికి ఇంత పొగరు లేదు,
వందకు పది పన్నెండు పాళ్ళు తక్కువే కాసేవాడు.
లెక్క ప్రకారం ఆ నీళ్ళు గడ్డకట్టాల.
కట్టలేదు.
"అయితే ఎవురో షీటు కప్పిండారు," అన్నాను.
నేను తమాషాకన్నాను. అది నవ్వలేదు.
"గాలే షీటు నాయనా. అగ్గికొండల ఊపిరి.
ఎన్ని మైక్రాన్ల మందమో ఇంకా తగువు తెగలేదు."
ఆ తరవాత కూడా, చానా తరవాత,
మంచు ఉండాల్సిన చోట అడవులు లేచిన కాలాలు
వచ్చి పోయినాయంట.
వచ్చేదానికీ పోయేదానికీ ఎన్నేండ్లో చెప్పింది గానీ
అంత పెద్ద అంకె నా తలకాయలో నిలవలేదు.

మే నెల. పన్నెండున్నర. కరెంటు పోయింది.
ఫాగర్లు ఒక్క తుమ్ము తుమ్మి ఆగిపోయినాయి.
నలభైయొకటి. నలభైమూడు.
పూత రాలతా ఉండాది,
చప్పుడు లేదంటే నాకు వినపడలేదని.
ఆ పక్క మునెయ్య, ఈ పక్క నేను
చక్రం తిప్పితే పక్కతెర లేస్తాది. ముప్ఫైయారు చుట్లు.
పదహారుకు భుజం పట్టేసింది.
ముప్ఫైయారుకు గాలొచ్చింది, అదీ వేడిగాలే.
అయినా ఆకులు కదిలినాయి.

రాత్రి ఫోన్లో అడిగినాను:
"మరి భూమికి తెర లేపే చక్రం యాడుంటాదమ్మా?"
చానాసేపు మాట్లాడలేదు.
హాస్టల్లో ఎవురో బకెట్టు ఈడుస్తా ఉండారు.
"ఉండాది నాయనా. వాన రాయిని కొరకతాది.
కరిగిన రాయి ఆ గాలిని పట్టుకోని ఏట్లో దిగతాది,
ఏరు పోయి సముద్రంలో పూడుస్తాది.
మన కొండే ఆ చక్రం.
కాకపోతే ఒక్క చుట్టుకు లక్షల ఏండ్లు."
"మరి మనం కప్పే షీట్లు?"
"దినానికొకటి కప్పతా ఉండాం."

కోయంబేడులో ధర పద్దెనిమిదికి పడిపోయిందని
చెప్పాలనుకున్నాను. చెప్పబుద్ధి కాలేదు.

తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టిన రాయి
నగరి తట్టునుంచి అదే తెచ్చిచ్చింది.
వేలుతో తడిమితే అలలు తగలతాయి.
మబ్బుతోనే ముట్టుకుంటే చల్లగా ఉంటాది,
పదింటికల్లా కాలతాది.
నేను పదింటి లోపలే ముట్టుకుంటాను.