గోడ కన్నంలో బాతు

మా అమ్మమ్మ స్టెయిన్‌వోర్‌కి చదువు తక్కువ.
నీళ్లలో మునిగే బాతులు మాత్రం
ఇంటిపేర్లతో సహా తెలుసు.

మీవత్న్ అంటే దోమల సరస్సు.
జూన్‌లో అవి పొగలా లేస్తాయి,
నోరు తెరిస్తే లోపలికే.
అందుకే మా వైపు మాటలు పొదుపు,
పేర్లు పొట్టి.

నెత్తిన కుచ్చున్నది స్కూవోండ్, కుచ్చు బాతు.
ఒళ్లంతా మసి పూసుకున్నది బొంతకాకి బాతు.
మేం కాలు పెట్టలేని హోరులో
ఎలకలా కీచుమంటూ
రాయి మీంచి రాయి మీదికి పోయేది
స్త్రౌమోండ్, వంక బాతు.
హావెట్లాకి ఎవరూ పేరు పెట్టలేదు,
తన పేరు తనే అరుచుకుంటుంది.

మరి హూసోండ్?
ఇంటి బాతు.
లావా బండల్లో కన్నం దొరక్కపోతే
మా వంటింటి వెనక గోడలో దూరేది.
మగదాని చెంప మీద నెలవంక,
అది జూన్ దాటితే కనపడదు.
ఆడదానివి పసుపు కళ్లు,
చీకట్లోంచి నా చేతినే చూసేవి.

"నాలుగు వదిలెయ్," అనేది అమ్మమ్మ.
నాలుగు దానివి, మిగతావి మనవి.
మెత్తటి ఈకల్లో తడిమి లెక్కపెట్టి
ఐదోది తీసినప్పుడల్లా
మెడ వెనక వెచ్చబడేది నాకు.

ఓ వేసవి టోర్వి వచ్చాడు
జేబునిండా అల్యూమినియం కడియాలతో.
శాస్త్రంలో దాని పేరు చెప్పాడు.
అర్థమేమిటి నాయనా అంటే
"ఐస్‌లాండ్ ఎద్దుతల" అన్నాడు, నేల చూస్తూ.
అమ్మమ్మ కాఫీ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది.
"పేరు పెట్టినవాడు ఆకలి మీద చూసుంటాడు!"
అతను మూడో పేరు కాలికి తొడిగి వెళ్లాడు.
ఒక అంకె.

ఏడేళ్లకి, మార్చిలో,
ఊటల దగ్గర గడ్డకట్టని నీళ్లలో వల లాగుతున్నాం.
ఆరు చేపలు. ఒక బరువు.
మునిగింది, తేలలేదు.
పాదాలు ఇంకా ఈదుతున్నట్టే విచ్చుకుని ఉన్నాయి.
కడియం తుడిచి అంకె చదివాను.
అమ్మమ్మ ఏ పేరూ పలకలేదు.
ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా
గుడ్ల లెక్కల పుస్తకం తీసింది.
ఆ అంకె పక్కన ఆమె రాతే:
గోడ. పన్నెండు. తీసినవి ఎనిమిది.

మళ్లీ జూన్. మళ్లీ దోమలు.
కన్నంలో వేరే పసుపు కళ్లు.
చెయ్యి పెట్టాను, తడిమాను,
ఖాళీ చెయ్యి బయటికి తీశాను.
"ఎన్ని?"
"నాలుగే."
సరే అంది.
ఆ పూట రొట్టె, ఉప్పు వెన్న.

రాత్రి, చీకటి పడని రాత్రి,
పుస్తకం మేజా మీద తెరిచే ఉంది.
సిరా ఇంకా తడిగా:
గోడ. తొమ్మిది.
తీసినవి సున్నా.