వరస కలపడం

విద్యానగర్‌లో బ్యాటరీల షాపు పైన రెండు గదులు.
కింద యాసిడ్ వాసన, పైన మేం నలుగురం.
మా పని
నాలుగు సైట్లకి చుట్టరికం కలపడం.

కుట్టుపని బుకింగులది ఒకటి,
రక్తం ఇచ్చేవాళ్ల జాబితా ఒకటి,
పాత పుస్తకాలు మార్చుకునేది ఒకటి,
ఎవరూ చదవని కథలు పెట్టుకునేది ఒకటి.
ఇన్నాళ్లూ ఒక్కోదానికి ఒక్కో గడప, ఒక్కో తాళం.
"ఒక్క తాళంచెవి చాలు" అన్నాడు ఓనరు కిషన్‌రావు,
"ఒకచోట లోపలికొస్తే నాలుగిళ్లూ వాళ్లవే."

వినడానికి బాగానే ఉంది.
రైల్లో ఎదురు సీటువాళ్లతో
కాజీపేట దాటేలోపు వరస కలిపే జాతి మనది,
కంప్యూటర్‌కి నేర్పలేమా?

ఫోన్ నంబరు ఒకటైతే మనిషి ఒక్కరే అని రాశాను.
రాత్రి రెండింటికి మీట నొక్కాను.
నలభై వేల పేర్లు
జాతరలో తప్పిపోయిన పిల్లల్లా
ఒకదాన్నొకటి వెతుక్కుని చెయ్యి పట్టుకున్నాయి.
నేను కుర్చీలోనే కునికాను.

పదకొండింటికి ఫోను.
"సారూ, వారాసిగూడ నుంచి అనసూయను. జాకెట్లు కుడ్త.
నా కథ కింద ఎవరియో కొలతలు పడ్డయి, జర చూడు."

చూశాను.
కొండ్రు అనసూయ, మిషను ఒకటి, ఫాల్, పీకో కూడా.
ఓ నెగటివ్. ఆరుసార్లు గాంధీ ఆస్పత్రికి.
పుస్తకాల సైట్లో, అట్ట లేకపోయినా సరే
నిఘంటువు ఒకటి కావాలని అడిగిన మనిషి.
కథల సైట్లో మాత్రం ఆ పేరే లేదు.
అక్కడామె 'నల్లపూస'.

తెల్లారేసరికి నల్లపూస పేరు పక్కన
మిషను ముందు నవ్వుతున్న అనసూయ.
అత్తాకోడళ్ల కథొకటి,
'ఆ రాత్రి ముసలామె తలుపు గడియ పెట్టలేదు' అని ముగిసిన చోట,
దానికిందే
భుజం పద్నాలుగు, చెయ్యి పొడుగు తొమ్మిది,
ఎడమ దిక్కు దూది పెట్టి కుట్టాలె,
ఎవరికీ తెల్వద్దన్నది, అడ్వాన్సు రెండొందలు.

మీ కలం పేరు బయటపడిందండీ, తప్పు మాదే, అనబోయాను.
"నా ముచ్చట తర్వాత.
ముందుగాల ఆ దూది మాట తీసెయ్యి.
ఆ మాట నేను టేపుల చుట్టి దాచుకున్న, సారూ."

మూడుచోట్ల చెరిపితే నాలుగోచోట మొలిచింది.
వరస కలిశాక
ఏ కబురుకీ గుమ్మం దగ్గర ఆగే అలవాటు పోతుంది.
పావుగంట పట్టింది.
ఆమె ఫోను పెట్టలేదు,
అవతల మిషను చప్పుడు, ఆగి, ఆగి.

"పోయింది" అన్నాను.
"మంచిది. ఇగ నాది.
పొద్దుగాల జాకెట్ల కోసం ముగ్గురొచ్చిండ్రు.
ఆ కథల ముసల్ది మా అత్తేనా అని ఒకామె అడిగింది.
కాదన్న. అబద్ధమే.
కొలతలిచ్చేటప్పుడే కదా సారూ ఆడోళ్లు మాట్లాడేది,
రేపటి సంది నా ముందర ఎవరు నోరు ఇప్పుతరు?"

అప్పుడనిపించింది,
ఈమె కూడా ఒకచోటి మాట ఇంకోచోటికి మోసే మనిషే.
కాకపోతే పేర్లు కత్తిరించి,
ఊళ్లు లోపలికి మడిచి,
కుట్టు బయటికి కనపడకుండా.
నేను నలభై వేల మందిని ఒక్క రాత్రిలో
పచ్చికుట్టు కూడా వెయ్యకుండా అతికేశాను.

మూడువేల నూటపదిహేడో పేరు విడదీశాను.
వారాసిగూడ ఒక పక్క, నల్లపూస ఒక పక్క,
మధ్యలో ఒక్క లైను కోడ్,
వీళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు అని.

"అదొక్కటే కలవట్లేదేంటయ్యా?" కిషన్‌రావు.
"డేటా పాడైంది సార్."
కింద షాపులో ఎవరో బ్యాటరీ వైర్లు తగిలించి
నిప్పురవ్వ రప్పించి నవ్వుతున్నారు.

మొన్న శుక్రవారం నల్లపూస కొత్త కథ పెట్టింది.
బొమ్మ లేదు.
చదివినవాళ్లు పదకొండు మంది అని లెక్క.
నాతో కలిపి పన్నెండు.
నేను లాగిన్ అవకుండా చదివాను.