అక్షరాల్లో

బీకాం మూడో ఏడు ప్రాజెక్టు.
నాగసుబ్బయ్య సార్ ఇచ్చిన ప్రశ్న ఒక్కటే:
విద్యార్థులకు ఏది ఇష్టం, ఫోనా, బ్యాంకుకు పోవడమా?
యాభై కాగితాలు జిరాక్స్ తీయించి
ఏడు రోడ్ల కాడ బ్యాంకు మెట్ల మీద నిలబడినా.
మార్చి నెలే. అయినా కడప కదా,
తొమ్మిదిన్నరకే తారు చెప్పులను పట్టుకుంటోంది.

మహబూబ్ బాషా ఆలోచించకుండా ఫోన్‌కు టిక్కు పెట్టినాడు.
"టీకి పది రూపాయలియ్యడానికి క్యూలో నిలబడతారా ఎవురైనా?"
మళ్లీ గొంతు తగ్గించి,
"లోపలి సార్ ముందు నా చెప్పులు చూస్తాడు,
తర్వాత మొగం.
ఫోన్‌కు కండ్లు లేవు కదక్కా."
దానికి నా కాగితంలో గడి లేదు.

పెంచలమ్మ బ్రాంచికి పెట్టింది.
"ఫోను మా అన్నది.
స్కాలర్‌షిప్ పడిందని నాకంటే ముందు వానికి తెలుస్తాది.
పాస్‌బుక్కయితే నా నోట్సుల మధ్యన ఉంటాది."
దానికీ గడి లేదు.

ఇంకొకడు ఏసీ కోసం వచ్చినానన్నాడు.
రాసుకున్నా.

ఎండ తట్టుకోలేక నేనూ లోపలికి పోయినా.
అదే తప్పయింది.
కౌంటరు కాడి పెన్నుకు దారముంది, ఇంకు లేదు.
నా చేతిలో పెన్ను అందరి కంట పడింది.
"పాపా, ఇది రాసియ్యి."
"అద్దాలు మరిచిపోయినా తల్లీ."
"ఐదు వేలు... వద్దులే, మూడున్నర చాలు."
ఎవరి అప్పు ఎంతో, ఎవరి కానుపు ఎప్పుడో
అడక్కుండానే చెప్పి వేలిముద్ర వేసినారు.

చివర్లో వచ్చినోడు నా ఈడువాడే.
పాలిటెక్నిక్. ఫోను నిన్న బుగ్గవంకలో జారిపోయిందంట.
"అంకెల్లో రాసినా. పదకొండు వందల యాభై.
కింద అక్షరాల్లో అనుండాది.
ఎట్ల రాయల్లక్కా? ఫోన్ ఎప్పుడూ అడగలేదు."
నువ్వే రాయమన్నా.
పెన్ను పట్టుకుని గీత మీద చానాసేపు నిలబడినాడు.
వెనక క్యూలో పండ్లమ్మే మస్తాన్‌బీ విసుక్కునింది:
"వెయ్యిన్నూట యాభై అను, అన్నట్టే రాయి.
చివర మాత్రమే అని పెట్టు.
లేకుంటే ఎవుడో పక్కన ఇంకేమన్నా రాసుకుంటాడు."
ఆమెకు రాయడం రాదు.
వాడు యకు ఒత్తు పెట్టలేదు.
నేను దిద్దలేదు.

రాత్రి హాస్టల్లో లెక్క చూస్తే
సర్వే కాగితాలు పదకొండు,
విత్‌డ్రాయల్ ఫారాలు ముప్పై దాటినాయి.
నా వంతు కాగితం తీసి, ఫోన్ తెరిచినా.
నూట పన్నెండు.
చప్పుడు లేకుండా చూపించి
చప్పుడు లేకుండా మూసుకునింది.
అదీ ఒక మర్యాదే.
ఫోన్ గడిలో టిక్కు పెట్టి
పక్కన ఎందుకో పెన్నుతో రాసినా:
నూట పన్నెండు రూపాయలు మాత్రమే.