సైరన్ తర్వాత

సాయంత్రం నాలుగున్నరకి
షిప్‌యార్డు సైరన్ కూసేది.
మల్కాపురంలో ఆ కూతకి
కొందరు ఎసరు పెట్టేవారు,
కొందరు జడ వేసుకునేవారు.
మేం ముగ్గురం
నవ్వడం ఆపేసేవాళ్లం.

సైరన్‌కీ నాన్న సైకిల్ స్టాండు చప్పుడుకీ మధ్య
ఇరవై నిమిషాలు.
గిన్నెలు చప్పుడవకుండా బోర్లించడం,
చెప్పులు జతగా గోడకి ఆనించడం,
తమ్ముడి నోటి మీద అరచెయ్యి
ఊపిరాడేంత సందుతో ఆనించడం,
అన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే నేర్చాను.
వెల్డింగు రవ్వలకి చిల్లులు పడ్డ చొక్కా
గుమ్మంలోకి వచ్చేది.
"ఏటే ఆ నవ్వు?"
రోజూ కొట్టేవాడు కాదు.
రోజూ కొడితే బాగుణ్ణు,
ఏ రోజో తెలిసేది.

ఇప్పుడు నాకు నలభై మూడు.
బ్యాంకులో క్యాషియర్‌ని.
అంబులెన్సు వెళ్తే నోట్ల లెక్క తప్పుతాను.
కుక్కర్ కూస్తే
భుజాలు చెవుల దాకా లేస్తాయి
నన్నడక్కుండానే.

మహారాణిపేటలో మందుల వాసన వేసే మేడ మీద
సుహాసిని మేడం అంది:
"చిన్నప్పుడో పాఠం నేర్చుకున్నారు మీరు.
చాలా బాగా నేర్చుకున్నారు."
బడిలో ఏ మాస్టారూ నన్నంత మాట అనలేదు.

గంట మోగితే చొంగ కార్చిన
ఏదో దేశం కుక్క గురించి చెప్పబోయింది.
నాకు మా వీధి కుక్క తెలుసు.
పోలమ్మ "సేపలో..." అంటే చాలు, ఉరుకొచ్చేది.
కార్తీకంలో పోలమ్మ ఉత్త తట్టతో
పాత బాకీలకి తిరిగేది, కేక మాత్రం అదే.
పాపం, పది రోజులు వెంటబడింది,
తర్వాత పడుకునే తోకాడించింది,
తర్వాత అదీ మానేసింది.
నెల దాటి మొదటి కవళ్ల తట్ట దిగ్గానే
మొత్తం గుర్తొచ్చేసింది దానికి.
మేడం కాసేపు ఏదో రాసుకుంది.

కాగితం మీద పది మెట్లు గీసింది.
ఒకటో మెట్టు: సైరన్ అన్న మాట రాయడం.
నాలుగోది: ఫోన్లో దాని కూత, బాగా సన్నగా,
ఒళ్లో ఉప్పూ కారం జల్లిన జామకాయ ముక్కలు.
మధ్యలో రెండు మెట్లు దిగిపోయి
మూడు వారాలు వెళ్లలేదు.
ఎనిమిదోది: సింధియాలో గేటెదురుగా
టీకొట్టు బల్ల మీద
నాలుగూ ఇరవై నుంచీ కూర్చోవడం.

కూసింది.
టీ చీర మీద ఒలికింది.
లేచిపోకూడదు, అదే మందు.
గేటు తెరిచారు.
బళ్లు, బళ్లు, హెల్మెట్లు,
ఎవరూ మా నాన్న కారు.
ఒక పెద్దాయన మాత్రం ఆగి
చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు
లోపలింకా ఏదో మోగుతున్నట్టు.
నాన్న కూడా అలాగే తిప్పుకునేవాడు.
ఈ సంగతి ఇన్నాళ్లూ ఎక్కడుందో.

ఆ రాత్రి హోంవర్కు:
ఏ చప్పుడు, ఒళ్లెలా ఉంది, ఏం చేశాను,
మూడు గళ్లు.
ఇందుజ తొంగి చూసి "నేనూ నింపనా?" అంది.
పన్నెండేళ్ల గుంట. గుండ్రటి అక్షరాలు.
"అమ్మ స్కూటీ ర్యాంపు ఎక్కడం.
కడుపు బిగుసుకుంది.
టీవీ కట్టేసి పుస్తకం తీశాను."

ఒక్క దెబ్బ వెయ్యలేదు దాన్ని ఎప్పుడూ.
బ్యాగు దించకముందే
"టెస్టులో ఎన్నొచ్చాయి?" అనేదాన్ని.
అంతే. అంతే అనుకున్నాను.

స్కూటీ వీధి మొదట్లోనే ఆపి నడిచొస్తానన్నాను.
"చప్పుడు దాచొద్దు," అంది మేడం,
"చప్పుడు తర్వాత వచ్చేది మార్చండి."

ర్యాంపు ఎక్కుతున్నాను, కావాలనే ఓ హారన్ కొట్టి.
ఏమీ అడగను.
ఓ రోజు బీచిలో కట్టించిన మురీ మిక్చర్,
ఓ రోజు ఉత్త చేతులు,
ఓ రోజు హెల్మెట్ తియ్యకుండానే పక్కన కూలబడ్డాను.
మధ్యలో ఓ రోజు నోరు జారి అడిగేశాను కూడా.

నిన్న తలుపు తోస్తే
టీవీ నడుస్తోంది.
నన్ను చూసి రిమోట్ అందుకుంది.
కట్టెయ్యలేదు.
సౌండు రెండు గీతలు తగ్గించింది.