పాస్‌పోర్ట్ సైజు

రాయగడ బస్టాండు ఎదుట, మేడ మీద నా స్టూడియో.
నీలం తెర, ఒక స్టూలు, పళ్ళు విరిగిన దువ్వెన,
ఏ మొహానికైనా అదే పౌడరు డబ్బా.

చంద్రపూర్ కొండల మీంచి
దాయిమతి మాఝి వచ్చింది, అన్నతో.
పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకి ఇద్దరికీ ఫొటోలు.
"కరెంటు చదువా నీకు?" అన్నాను నవ్వుతూ.
"ఆడగుంటవి, నర్సుకి రాయకపోయావా?"
ఆమె నా స్టాండు లైటు వంక చూసి
"మీ వైరు అతుకు ఊడింది, షాకు కొడుతుంది" అంది.

అన్నని ఉన్నదున్నట్టు తీశాను.
మగాడు, ఎలా ఉంటే ఏం.
ఆమె దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఊరుకోలేదు.
నుదుటి మీద మూడు పచ్చబొట్టు గీతలు,
చెంపకి రెండేసి,
వాళ్ళమ్మమ్మ ముల్లుతో పొడిచినవి
మౌసుతో తుడిచేశాను.
నలుపు కొంచెం తగ్గించాను.
ఇంకొంచెం.
మంచికే అనుకున్నాను.
చూసే ఆఫీసరు మొహం చిట్లించకూడదని.
ఆ పనికి వేరే డబ్బులు కూడా తీసుకోలేదు.

ఎనిమిది కాపీలు కవర్లో పెట్టి ఇచ్చాను.
చాలాసేపు చూసింది.
ఎవరిదని అడగలేదు.
కవరు మీద నేను రాసిన పేరు మాత్రం
ఒకటికి రెండుసార్లు చదువుకుంది.

పరీక్షనాడు అన్న లోపలికి వెళ్ళాడు.
గేటు దగ్గరాయన
ఆమెను చూసి, హాల్‌టికెట్టు చూసి, మళ్ళీ ఆమెను చూసి
"ఈ అమ్మాయివి నువ్వు కాదు, పక్కకి జరుగు" అన్నాడట.
బతిమాలుతుండగానే గేటు మూశారు.
గంట బయటికి కూడా వినిపించిందట.

ఇదంతా ఆమె చెప్పలేదు.
మునిగుడ సంతలో పసుపు కొంటుంటే అన్న చెప్పాడు,
తూకం ముల్లు వైపు చూస్తూ.
నేను బేరమాడలేదు. అదే నా ప్రాయశ్చిత్తం, పావుకిలో పసుపు.

మరుసటేడు వచ్చింది. ఒక్కతే.
పౌడరు డబ్బా అందిస్తే వద్దంది.
"ఈసారి నన్ను తియ్యండి."

తీశాను.
తెర మీదికి ఆమె మొహం వచ్చింది.
అలవాటుకొద్దీ మౌసు మీదకి పోయింది చెయ్యి.
వెనకే నించుని ఉంది, ఊపిరి వినబడేంత దగ్గర.
రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.
ప్రింటరు దానంతటది
నుదుటి గీతలు మూడూ ఒక్కొక్కటే బయటికి తోసింది.

కవరు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.
స్టాండు లైటు, ఆ వైరు, ఆ అతుకు,
ఏడాదైనా అలాగే.
"స్విచ్చి కట్టండి" అంది వెనక్కొచ్చి.
"నల్ల టేపు ఉందా?"