లెక్కల రాత్రి

జనవరి ఆఖర్న ఒక రాత్రి
ఇల్లు లేనివాళ్ళను లెక్కపెడతారు మా డులూత్‌లో.
సరస్సు మీద ఆవిరి.
చలి సున్నాకి ఇరవై ఏడు మెట్ల కింద కూర్చుంది.
పెన్నులో సిరా బిగుసుకుపోతుందని
మార్లిస్ పెన్సిళ్ళు తెచ్చింది,
చెవికొకటి దోపుకుంది.

వ్యాను నాది. హీటరు ఒకవైపే పనిచేస్తుంది.
వెనక నలభై జతల ఊలు మేజోళ్ళు,
రెండు ఫ్లాస్కుల సూపు, గోళ్ళు తీసే కత్తెర,
ఒక ప్లాస్టిక్ తొట్టి.

ఫారంలో పదకొండో ప్రశ్న: మీరు సైన్యంలో పనిచేశారా?

మార్లిస్ అలా అడగదు.
డెబ్బై దాటిన మనిషి. ముందు కాళ్ళవంక చూస్తుంది,
లేసులు ముడేసిన తీరు,
తలకింద దుప్పటి మూలకు మూల కలిపి మడిచిన తీరు.
అప్పుడంటుంది,
"ఏ బూట్లు తొడిగేవాడివి నాయనా?"

వంతెన కింద మూడో గుడారంలో డెల్బర్ట్.
పట్టా కొంచెం జరిపి, "నేనా లెక్కలోకి రాను" అన్నాడు.
"పక్కవాణ్ణి రాసుకోండి. వాడు ఎడారిలో ఉన్నాడు, ఒక చెవి పోయింది."
మరి నువ్వు?
"ఓడలో వంటవాణ్ణి. తుపాకీ ముట్టలేదు.
నాలుగేళ్ళు బంగాళాదుంపలు చెక్కుతీశాను."

"ఎన్ని?" అంది మార్లిస్, పెన్సిల్ ఎత్తకుండా.

"ఏమిటి ఎన్ని?"

"దుంపలు."

గాలి పట్టాని ఒక్క చరుపు చరిచి వెళ్ళింది.
అతను నిజంగానే లెక్క మొదలెట్టాడు.
మూడొందల ఎనభై మంది, మనిషికి రోజుకి రెండు,
తొక్క తీసేవాళ్ళం నలుగురం...
మడతపడని వేళ్ళు మడుస్తూ.
చిటికెనవేలి కొస నల్లబడి ఉంది.
"కాళ్ళకింద నేల ఊగుతుంటే కత్తి పట్టడం
మీకేం తెలుసు!" అని కసిరాడు.
ఆ రాత్రి నాకు తగిలిన మొదటి వెచ్చదనం ఆ కసురే.

మధ్యలో ఒక పేరు దగ్గర ఆగాడు. ఆర్విడ్.
"మారు వడ్డించమని అడిగేవాడు, రోజూ."
ఇంక చెప్పలేదు.
ఫారంలో దానికి గడి లేదు. మేమూ అడగలేదు.

తర్వాత తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు.
మేజోడు చర్మంతో సహా ఊడివస్తుందేమోనని
నానబెట్టి, నానబెట్టి తీసింది మార్లిస్.
టార్చి పట్టుకున్నది నేను. చెయ్యి వణికితే
"వెలుగు కదపకు" అంది.

మూడేళ్ళ కిందట ఇదే వంతెన, ఐదో స్తంభం.
నేనూ కాదనే చెప్పాను ఆవిడతో.
లారీ తోలానంతే, సైనికుణ్ణెక్కడ అన్నాను.
"ఎన్ని మైళ్ళు?" అంది.
ఆ తొట్టి అప్పుడు కొత్తది.

డెల్బర్ట్ కాగితాలు రావడానికి యాభై రెండు రోజులు పట్టింది.
ఈలోగా పురపాలకం వాళ్ళు గుడారం రెండుసార్లు పీకేశారు,
రెండుసార్లూ వెతికి పట్టుకున్నాం,
ఒకసారి లైబ్రరీ మెట్ల మీద,
ఒకసారి ఎక్కడో చెప్పొద్దన్నాడు.
బట్టలుతికే దుకాణం పైన గది ఇప్పించాం.
మొదటి వారం స్నానాల తొట్టిలో పడుకున్నాడట,
గది మరీ వెడల్పుగా ఉందని.
ఇప్పుడైనా మంచం మీద పడుకుంటున్నాడో లేదో నాకు తెలియదు.
గురువారాలు చర్చి నేలమాళిగలో
నా చేతిలో కత్తి లాక్కుంటాడు,
"తొక్కతో సగం దుంప పారేస్తున్నావు" అని.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ తెల్లవారుజాము సంగతి.
వ్యాన్లో హీటరున్న వైపు కూర్చుని
మార్లిస్ మొత్తం కూడింది: రెండొందల పదహారు.
కొట్టేసి, మళ్ళీ కూడింది. అంతే వచ్చింది.
సంతకం చేసి, అంచున ఖాళీలో
చిన్న అక్షరాలతో ఇంకో పద్దు రాసింది,
ఆఫీసులో ఎవరూ చదవరని తెలిసే:

దుంపలు, రెండు లక్షల డెబ్బై ఏడు వేలు. సుమారు.